వ్యవసాయ విస్తరణ సిబ్బంది శ్రేయస్సు: సుస్థిర మానవ వనరుల నిర్వహణ దృక్పథం

ప్రభుత్వ శాఖలలో మానవ వనరుల నిర్వహణ అనగానే నియామకం, బదిలీ, పదోన్నతి, వేతనం వంటి అంశాలే ప్రధానంగా పరిగణనలోకి వస్తాయి. సుస్థిర నిర్వహణ వీటికి మరొక నియమాన్ని జోడిస్తుంది. నేటి లక్ష్యాల కోసం ఉద్యోగి రేపటి పని సామర్థ్యాన్ని హరించరాదన్నదే ఆ నియమం. తీసుకొన్న పోషకాలను తిరిగి అందించని నేల కొన్నేళ్లపాటు దిగుబడినిచ్చినా క్రమేణా సారం కోల్పోతుంది. ఉద్యోగుల విషయంలోనూ లక్ష్యాలు నెరవేరుతున్నంత కాలం ఇటువంటి నష్టం నివేదికలలో కనిపించదు.

పని భారం: ఒక అంచనా

తెలంగాణలో సుమారు 5,000 ఎకరాలను ఒక క్లస్టరుగా తీసుకొని, ఒక్కొక్క దానికి ఒక వ్యవసాయ విస్తరణ అధికారి ఉండే విధానాన్ని రూపొందించారు. రాష్ట్రంలో సగటు కమతం దాదాపు ఒక హెక్టారు, అనగా రెండున్నర ఎకరాలు. ఈ లెక్కన క్లస్టరులో సుమారు 2,000 కమతాలుంటాయి. పంటల నమోదును 60 పని దినాలలో ముగించాలనుకొంటే రోజుకు 33 కమతాలను చూడాలి. ఒక్కొక్క దానికి 15 నిమిషాలు కేటాయించినా ఎనిమిది గంటలు దాటుతాయి. ప్రయాణ సమయం ఇందులో చేరలేదు. చీడపీడలను గుర్తించి సకాలంలో సలహా ఇవ్వవలసిన రోజులు కూడా ఇవే. నమోదుకు గడువు ఉంటుంది గనుక ముందుగా కుదించుకుపోయేది సలహా కార్యక్రమమే.

అలసటకు మూలం

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించిన అంతర్జాతీయ వ్యాధుల వర్గీకరణ బర్న్‌అవుట్‌ను వ్యాధిగా కాక, పని ప్రదేశంలో అదుపు చేయని దీర్ఘకాలిక ఒత్తిడి ఫలితంగా పేర్కొంది. తీవ్రమైన అలసట, పనిపట్ల విముఖత, సామర్థ్యం తగ్గిందన్న భావన దీని లక్షణాలు. కాబట్టి యోగా తరగతులు, ప్రేరణ ఉపన్యాసాలు ఉపకరించినా, పని విభజన మారనిదే మూల కారణం తొలగదు. ఎరువుల కొరత, పరిహారంలో జాప్యం వంటి తన పరిధిలో లేని విషయాలకు కూడా విస్తరణ అధికారి గ్రామంలో సమాధానం చెప్పుకోవలసి వస్తుంది. అధికారం లేని బాధ్యత ఒత్తిడిని మరింత పెంచుతుంది.

చేపట్టదగిన చర్యలు

• కొత్త విధిని అప్పగించే ముందు దానికి పట్టే సమయాన్ని లెక్కించి, ఆ మేరకు పాత విధులను తగ్గించాలి.
• ఒకే సమాచారాన్ని పలు యాప్‌లలో నమోదు చేయించే పద్ధతిని మానాలి.
• శిక్షణలు, సర్వేలను పంట కీలక దశలలో కాక వేసవిలో నిర్వహించాలి.
• మహిళా సిబ్బందికి మరుగుదొడ్డి, సురక్షిత ప్రయాణ సౌకర్యాలు కల్పించాలి.
• క్లిష్ట సమస్యలపై కృషి విజ్ఞాన కేంద్రాల శాస్త్రవేత్తలు వెంటనే ఫోనులో అందుబాటులో ఉండాలి.
• పనితీరు మదింపులో నమోదుల సంఖ్యతో పాటు క్షేత్ర సలహాల నాణ్యతకు కూడా స్థానం కల్పించాలి.

ముగింపు

విస్తరణ పరిశోధనలలో సాంకేతిక పరిజ్ఞానాన్ని రైతు ఎంతవరకు స్వీకరించాడన్నది కొలుస్తారు. ఆ పరిజ్ఞానాన్ని చేరవేసే ఉద్యోగికి అందుకు ఎంత సమయం మిగిలిందన్నది కొలవడం అరుదు. విద్యార్థులు ఒక పంట కాలమంతా విస్తరణ అధికారుల దినచర్యను గంటల వారీగా నమోదు చేసి విశ్లేషిస్తే, స్వీకరణ లోపంగా భావిస్తున్నదానిలో ఎంత భాగం సలహా అందకపోవడం వల్లనో తేటతెల్లమవుతుంది.