ఎనిమిదోసారి ఏం చేయాలి?

పేతురు యేసును అడిగిన ప్రశ్న మనందరిదీ. ఒకే మనిషి మళ్లీ మళ్లీ తప్పు చేస్తుంటే ఎన్నిసార్లు ఊరుకోవాలి? ఏడుసార్లు చాలా అని ఆయనే ఒక లెక్క కూడా చెప్పాడు. ఏడంటే తక్కువేం కాదు. మీ తోటికోడలు అదే మాటతో ఏడుసార్లు గుచ్చితే ఏమవుతుందో ఊహించుకోండి. నాలుగోసారికి పలకరింపులు ఆగిపోతాయి, ఐదోసారికి రాకపోకలు ఆగిపోతాయి. అలాంటిది ఏడు కాదు, డెబ్బై ఏడుల మార్లు అన్నాడు యేసు. మత్తయి సువార్త 18వ అధ్యాయంలోని మాట ఇది. గుణిస్తే 490. ఎవరో నోటుబుక్కులో గీతలు గీసుకోవాలని ఆయన ఆ అంకె చెప్పలేదు. ఆదికాండం 4వ అధ్యాయంలో లెమెకు అనేవాడు ఉన్నాడు. తనను గాయపరిచిన పడుచువాణ్ణి చంపేసి, నా పగ డెబ్బై ఏడంతలు అని భార్యల ముందు గొప్పలు పోయాడు. పగకు అతను వేసిన హెచ్చవేతను యేసు క్షమ వైపు తిప్పేశాడు.

ఆ వెంటనే ఒక అప్పు కథ చెప్పాడు. రాజుకు పదివేల తలాంతులు బాకీపడ్డ సేవకుడికి మొత్తం మాఫీ అయింది. అతను బయటికొచ్చి, తనకు వంద దేనారాలు ఇవ్వాల్సిన తోటి సేవకుడి గొంతు పట్టుకున్నాడు. దేనారం అంటే అప్పట్లో కూలివాడి ఒకరోజు కూలి. తలాంతు అంటే సుమారు 6,000 దేనారాలు. ఇవాళ రోజు కూలి 600 రూపాయలు అనుకుంటే, అతనికి మాఫీ అయింది 3,600 కోట్లు. అతను వదల్లేకపోయింది 60,000. ప్రసంగాల్లో సాధారణంగా పెద్ద అంకె దగ్గరే ఆగుతారు. నాకు చిన్న అంకె కూడా అంతే ముఖ్యం. రెక్కలకష్టం మీద బతికేవాడికి 60,000 చిల్లర డబ్బు కాదు, మూడు నెలల పైచిలుకు తిండి. మీకు తగిలిన దెబ్బ చిన్నదని యేసు ఎక్కడా అనలేదు. బాకీ నిజమేనని ఒప్పుకున్నాకే దాన్ని కొట్టేయమంటున్నాడు.

కాబట్టి మొదట చేయాల్సింది మీకు ఏం పోయిందో స్పష్టంగా చెప్పుకోవడం. "పర్లేదులే, ఏముందిలే" అని దాటేయకండి. "అక్క నా పెళ్లిలో అందరి ముందూ నా చదువు గురించి నవ్వింది, నాకు తల కొట్టేసినట్టయింది" అని ప్రార్థనలో ఉన్నదున్నట్టు చెప్పండి. "ప్రభువా, అందర్నీ క్షమిస్తున్నాను" అనే టోకు ప్రార్థనతో ఏ ఒక్కరి బాకీ తీరదు. పద్దు పద్దుగా కొట్టేయాలి.

సరే, కొట్టేశారు. మోకాళ్ల మీద నుంచి లేచారు, మనసు తేలికైంది. మంగళవారం మధ్యాహ్నం అన్నం కలుపుకుంటుంటే అదే మాట, అదే గొంతుతో చెవిలో మళ్లీ వినపడింది. ముద్ద దిగలేదు. ఇక్కడే చాలామంది విశ్వాసులు బెంగపడిపోతారు. నేను అసలు క్షమించానా, నాది ఉత్త వేషమేనా అని. కోపానికి ఇప్పుడు నేరభావం తోడవుతుంది.

అలా బెంగపడేవాళ్లు కొర్రీ టెన్ బూమ్ జీవితం తెలుసుకోవాలి. నెదర్లాండ్స్‌లోని హార్లెమ్‌లో గడియారాలు బాగుచేసే కుటుంబం వాళ్లది. రెండో ప్రపంచ యుద్ధంలో యూదులను ఇంట్లో దాచినందుకు 1944లో అరెస్టయ్యారు. రావెన్స్‌బ్రుక్ నిర్బంధ శిబిరంలో అక్క బెట్సీ చనిపోయింది. 1947లో మ్యూనిక్‌లో కొర్రీ క్షమ గురించి మాట్లాడి ముగించాక, ఆ శిబిరంలో కాపలా కాసినవాడే ఎదురొచ్చి చేయి చాపాడు. ఆమె చేయి లేవలేదు. లోపల ప్రార్థించుకుని బలవంతంగా ఎత్తింది. ఈ ఘట్టం చాలా సంఘాల్లో చెప్తారు. తర్వాత జరిగింది ఎక్కువమందికి తెలియదు. కొన్నేళ్లకు ఆమె ఎంతో నమ్మిన విశ్వాస మిత్రులు ఆమెను నొప్పించారు. క్షమించానని అనుకుంది. రాత్రిళ్లు మాత్రం అదే తలుచుకుంటూ నిద్రపోలేకపోయింది. శిబిరం కాపలావాణ్ణి క్షమించగలిగిన మనిషికి స్నేహితుల మాట మింగుడుపడలేదు.

చివరికి ఒక లూథరన్ పాస్టరు దగ్గర మొరపెట్టుకుంది. ఆయన గుడి గోపురం మీది గంట సంగతి చెప్పాడు. తాడు వదిలేసిన తర్వాత కూడా గంట కాసేపు మోగుతూనే ఉంటుంది. ఒక్కో మోతా ముందటి దానికంటే నెమ్మదిస్తుంది, ఆపైన ఆగిపోతుంది. తాడు వదిలారా లేదా అన్నదే చూసుకో, మోత సంగతి వదిలెయ్ అని ఆయన సలహా. నేను విన్న ఆత్మీయ సలహాల్లో ఇంత పనికొచ్చేవి తక్కువ. మంగళవారం ఆ మాట గుర్తొస్తే మీరు క్షమించలేదని అర్థం కాదు. దాన్ని పట్టుకుని ఫోన్లో చెల్లెలికి మళ్లీ మొదటి నుంచి చెప్పడం మొదలుపెడితే, అప్పుడు తాడు లాగినట్టు. గుర్తొచ్చిన ప్రతిసారీ ఒక్క మాట అనుకోండి: "ఇది కొట్టేసిన బాకీ." మీ డెబ్బై ఏడుల్లో సగం ఈ ఒక్క దెబ్బకే అయిపోవచ్చు. అవనివ్వండి.

క్షమ మీద ఏళ్ల తరబడి పరిశోధన చేసిన అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త ఎవరెట్ వర్తింగ్టన్ కూడా ఇలాంటి మాటే చెప్తారు. క్షమించాలన్న నిర్ణయం వేరు, మనసులో చేదు తగ్గడం వేరు. మొదటిది ఒకరోజు తీసుకోవచ్చు, రెండోది తన సమయం తాను తీసుకుంటుంది. ఆయన పుస్తకాలు చదివి మాత్రమే ఈ మాట అనలేదు. 1996 కొత్త సంవత్సరం వేళ ఇంట్లో దొంగతనానికి వచ్చినవాడి చేతిలో ఆయన తల్లి హత్యకు గురైంది.

కొర్రీ కథలో ఇంకో సంగతుంది. ఆ మిత్రులు రాసిన ఉత్తరాలను ఆమె దాచుకుంది. వాళ్ల తప్పుకు రాతపూర్వక సాక్ష్యం అన్నమాట. అలా దాచుకోవడమంటే తాడు వదలకపోవడమేనని తెలుసుకున్న రోజున వాటిని పొయ్యిలో వేసింది. మన దగ్గర ఉత్తరాలు లేవు, వాట్సాప్ స్క్రీన్‌షాట్లున్నాయి. కుటుంబ గ్రూపులో మరిది పెట్టిన మెసేజ్, సంఘం గ్రూపులో పెద్దాయన అన్న మాట, గ్యాలరీలో తేదీతో సహా భద్రంగా ఉంటాయి. కోర్టుకో పోలీసుకో అవసరమైనవి తప్ప మిగతావన్నీ ఈ రాత్రే తీసేయండి. చదివిన ప్రతిసారీ దెబ్బ కొత్తగా తగులుతుంది.

ఇప్పటిదాకా చెప్పింది పాత దెబ్బ గురించి. కొత్తగా తగులుతూనే ఉంటే? గట్టు తగాదానే తీసుకోండి. అన్నదమ్ముల పొలాల మధ్య గట్టును ప్రతి దుక్కికీ నాలుగు వేళ్లు లోపలికి జరుపుతాడు పక్కవాడు. మూడేళ్లలో ఒక సాలు పోతుంది. అడిగితే "ట్రాక్టరు వాడు చూసుకోలేదు" అంటాడు. ప్రతిసారీ నవ్వి ఊరుకుంటే అది క్షమేనా? లూకా సువార్త 17వ అధ్యాయంలో యేసు వరస ఏమిటో చూడండి. సోదరుడు తప్పు చేస్తే ముందు గద్దించమన్నాడు. మారుమనస్సు పొందితే క్షమించమన్నాడు. రోజుకు ఏడుసార్లు తప్పుచేసి ఏడుసార్లు వచ్చి పశ్చాత్తాపపడినా క్షమించమన్నాడు. అది విని అపొస్తలులు వెంటనే తమ విశ్వాసం పెంచమని అడిగారు. ఎంత కష్టమో వాళ్లకు తెలుసు. అయినా గద్దించడాన్ని ఆయన వదిలేయలేదు. మత్తయి 18 కూడా అంతే: ముందు ఒంటరిగా వెళ్లి చెప్పు, వినకపోతే ఒకరిద్దరిని వెంటబెట్టుకెళ్లు, అప్పటికీ వినకపోతే సంఘానికి చెప్పు. పేతురు ప్రశ్న ఈ మాటల తర్వాతే వస్తుంది.

కాబట్టి ఒక ఉదయం తమ్ముడి దగ్గరికి ఒంటరిగా వెళ్లి, "తమ్ముడూ, గట్టు జరిగింది, నాకు బాధగా ఉంది" అని చెప్పండి. రచ్చబండ దగ్గర కాదు, అతని పెళ్లాం పిల్లల ముందు కాదు. తర్వాత సర్వేయరును పిలిపించి కొలిపించి రాళ్లు పాతించండి. ఆ సాయంత్రం అతని కూతురికి జ్వరమని తెలిస్తే మీ బండి మీదే ఆసుపత్రికి తీసుకెళ్లండి. రాళ్లు పాతించడమూ బండి తీయడమూ ఒకే మనసు చేయగలదు. రాళ్లు పాతితే క్షమించనట్టేనని ఎవరైనా అంటే నమ్మకండి.

ఇక్కడ ఒక విషయం గట్టిగా చెప్పాలి. భర్త కొడుతున్నాడని ఏడుస్తూ వచ్చిన స్త్రీకి "డెబ్బై ఏడుల మార్లమ్మా, ఓర్చుకో" అని చెప్పి ఇంటికి పంపే పెద్దలు ఇప్పటికీ ఉన్నారు. ఇది నాకు భరించరాని విషయం. వాళ్లు వాక్యంలో సగమే చెప్తున్నారు. ఆ ఇంటికెళ్లి కొట్టేవాణ్ణి ముఖాముఖి గద్దించడం వాళ్ల బాధ్యత. అది వదిలేసి, దెబ్బలు తిన్న మనిషి మీదే ఇంకో బరువు పెడుతున్నారు. దావీదును చూడండి. తన మీదికి ఈటె విసిరిన సౌలును అతను రెండుసార్లు ప్రాణాలతో వదిలేశాడు. రెండోసారి, నిద్రపోతున్న సౌలు తల దగ్గరి ఈటెనూ నీళ్ల బుడ్డినీ మాత్రం తీసుకుని దూరంగా కొండెక్కి నిలబడ్డాడు. సౌలు తప్పు ఒప్పుకున్నాడు, తిరిగి రమ్మని పిలిచాడు. దావీదు వెళ్లలేదు. ఈటె కూడా తాను తీసుకెళ్లి ఇవ్వలేదు, ఎవరినైనా కుర్రవాణ్ణి పంపి తీసుకోమన్నాడు. మొదటి సమూయేలు 26వ అధ్యాయం ఇది. పగ తీర్చుకోలేదు, చేతికందే దూరంలోకీ వెళ్లలేదు. దెబ్బలు తింటున్న చెల్లీ, మీకూ ఆ దూరం ఉండాలి. 181కి ఫోన్ చేయడం, 2005 గృహహింస చట్టం కింద రక్షణ కోరడం పాపం కాదు.

గ్లాడిస్ స్టెయిన్స్ జీవితంలోనూ ఇదే కనిపిస్తుంది. 1999 జనవరిలో ఒడిశాలోని మనోహర్‌పూర్‌లో ఆమె భర్త గ్రాహంను, ఇద్దరు చిన్న కొడుకులను వాహనంలో సజీవంగా కాల్చేశారు. చేసినవాళ్లను క్షమిస్తున్నానని ఆమె బహిరంగంగా చెప్పింది. బారిపదలో కుష్ఠు రోగుల సేవ ఇంకా కొన్నేళ్లు కొనసాగించింది. అదే సమయంలో క్షమనూ నేరానికి చట్టం వేసే శిక్షనూ కలపకూడదని కూడా స్పష్టంగా చెప్పింది. కేసు నడిచింది, ప్రధాన దోషి జీవిత ఖైదును 2011లో సుప్రీంకోర్టు ఖాయం చేసింది.

మళ్లీ క్షమించడానికి ఇంకో కారణం ఉంది. దాన్ని మనం అసలు పట్టించుకోం. క్షమ పొందినవాడు దాన్ని నమ్మలేకపోవడం. యోసేపును అన్నలు ఇరవై తులాల వెండికి అమ్మేశారు. కరువులో వాళ్లు ఐగుప్తు వస్తే అతను వెంటనే కౌగిలించుకోలేదు. తమ్ముడు బెన్యామీను సంచిలో తన గిన్నె దాచిపెట్టి పరీక్షించాడు. అతని బదులు నేను బానిసగా ఉంటానని యూదా ముందుకొచ్చాక, మారారని తేలాక, ఏడ్చి తనెవరో చెప్పాడు. కుటుంబం కలిసింది. తండ్రి యాకోబు ఐగుప్తులో 17 ఏళ్లు బతికి చనిపోయాడు. అప్పుడు అన్నలకు మళ్లీ భయం పట్టుకుంది: నాన్న పోయాడు, ఇక మనమీద పగ తీర్చుకుంటాడేమోనని. ఎదురుగా వచ్చే ధైర్యం లేక కబురు పంపారు. 17 ఏళ్లు ఒకే తిండి తిని కూడా వాళ్లు నమ్మలేదు! యోసేపు కోప్పడలేదు, ఏడ్చాడు. మొదటిసారి చెప్పిన మాటే మళ్లీ మెత్తగా చెప్పి, వాళ్ల పిల్లల్ని కూడా పోషిస్తానన్నాడు. మీ వదిన పాత మాటకు ఇప్పటికీ మీ ముందు తల దించుకుంటుంటే, "ఎప్పుడో వదిలేశాగా" అని విసుక్కోకండి. ఇంకోసారి చెప్పండి. ఆమెకు కావలసింది అదే.

నెల మొదటి ఆదివారం ప్రభువు బల్ల ఉంటే, శనివారం సాయంత్రమే ఒక ఫోన్ చేయండి. అర్పణ బలిపీఠం దగ్గరే వదిలి ముందు సోదరుడితో సమాధానపడమన్నాడు యేసు. మాట్లాడని మనిషి మూడు బెంచీల అవతల కూర్చుంటే రొట్టె చేతిలోకి తీసుకోవడం ఎంత ఇబ్బందో మీకు తెలుసు. ఫోన్లో పాత చరిత్ర తవ్వకండి. "నువ్వే ముందు అన్నావు" అనే మాట నాలుక చివరికొస్తే మింగేయండి. "అన్నా, వందనాలు. ఆ రోజు జరిగింది నేను వదిలేస్తున్నాను. నా వల్ల ఏదైనా నొచ్చుకుని ఉంటే క్షమించు" — ఇంతే చాలు. అవతలి మనిషి మౌనంగా ఉన్నా, ఏదైనా అన్నా వాదించకండి. ఫోన్ ఎత్తకపోతే రెండు ముక్కల మెసేజ్ పెట్టండి. జవాబు రాకపోయినా బల్ల దగ్గరికి వెళ్లండి. ఆరాధన అయ్యాక అతను మీ వైపు చూడకుండా వెళ్లిపోతే వెళ్లనివ్వండి, క్రిస్మస్ ముందు మళ్లీ ఫోన్ చేయండి.