లెక్కలు తప్పిన పదో తరగతి

మాది చిలకలూరిపేట దగ్గర పల్లె. నాకు 32 ఏళ్లు. పదో తరగతిలో అన్నీ పాసై లెక్కలొక్కటే తప్పాను. సప్లిమెంటరీ రాయలేదు, తర్వాత పెళ్లయిపోయింది. కౌలుకి మిర్చి, పత్తి వేస్తాం. కూలి దొరికినప్పుడు మిరపకాయల తొడిమలు తీసే పనికి పోతాను. మా ఊరి అంగన్‌వాడీ టీచరమ్మ త్వరలో రిటైరవుతున్నారు. ఆ పోస్టుకి పది పాసవ్వాలి, 35 ఏళ్లు దాటకూడదు. ఓపెన్ స్కూల్లో చేరదామంటే మా ఆయన, "లెక్కలు తీసేసి హోమ్ సైన్స్ పెట్టుకో, హాయిగా గట్టెక్కుతావు" అంటున్నారు. నాకేమో ఆ లెక్కలే పాసవ్వాలని ఉంది. ఏడో తరగతి చదివే మా అమ్మాయి ఎక్స్ విలువ ఎంతమ్మా అంటే చెమటలు పడుతున్నాయి. పైగా ఒకాయన వచ్చి, డబ్బిస్తే పరీక్ష సంగతి తామే చూసుకుంటామన్నాడు. ఏం చెయ్యమంటారు?
– ఓ సోదరి, పల్నాడు జిల్లా

చెల్లెమ్మా,

ఆ డబ్బాయన్ని మళ్లీ గడప తొక్కనివ్వకండి. పట్టుబడితే డిబారయ్యేది మీరు, ఆయన కాదు.

ఇక మీ ఆయన మాట. అందులో సగం నిజముంది. 1991లో మొదలైన మన ఓపెన్ స్కూల్లో, అంటే సార్వత్రిక విద్యాపీఠంలో, 14 ఏళ్లు నిండినవాళ్లు ఎవరైనా పది రాయొచ్చు, పై వయసుకి హద్దు లేదు. ఐదు సబ్జెక్టులు, ఒక్కోదాంట్లో 35 మార్కులు చాలు. లెక్కలు తప్పనిసరి కాదు. రేపు పాలిటెక్నిక్‌కి పోయేవాళ్లకైతే లెక్కలు లేనిదే కుదరదు కానీ, మీరడిగే పోస్టుకి వాటితో పని లేదు. మిమ్మల్ని తరుముకొస్తున్నది వయసు. కాబట్టి సర్టిఫికెట్‌ని లెక్కల మీద ఆధారపడనివ్వకండి. లెక్కలు కాని ఐదు పెట్టుకుని, ఆరోదిగా, అదనపు సబ్జెక్టుగా లెక్కలు తీసుకోండి. ఫీజు కాస్త ఎక్కువవుతుంది, అంతే. లెక్కలు పోయినా మిగతా ఐదూ నిలుస్తాయి.

మీ పంతాన్ని మాత్రం నేను తీసిపారెయ్యను. కౌలు రైతు ఇంట్లో లెక్క రాకపోతే నష్టం ఎంతో ఒక్క ప్రామిసరీ నోటు చాలు చెప్పడానికి. లక్ష రూపాయలు, నెలకి నూటికి రెండు రూపాయల వడ్డీ. మూడేళ్లకి వడ్డీ 72,000. కాలదోషం పడుతుందని షావుకారు 1,72,000కి నోటు తిరగరాయిస్తాడు. అప్పటినుంచి వడ్డీకి కూడా వడ్డీ నడుస్తుంది. ఆరో ఏడు దాటేసరికి బాకీ 2,95,840. అసలు మీదే వడ్డీ కట్టి ఉంటే 2,44,000. ఆ తేడా 51,840 రూపాయలు మీ మిరప కళ్లంలోంచే పోవాలి. పుస్తకంలో దీన్నే చక్రవడ్డీ అన్నారు. నోటు తిరగరాసిన ఇంటి మనిషికి ఆ పాఠం కొత్తదేం కాదు.

ఎక్స్ అంటే భయమంటారా? కిలోకి 15 రూపాయల చొప్పున తొడిమలు తీశారనుకుందాం. ఆటోకి 60 పోను చేతికి 390 వచ్చింది. ఎన్ని కిలోలు తీశారు? 60 కలిపితే 450, 15తో భాగిస్తే 30. మేస్త్రీ దగ్గర ఇది నోటితోనే తేల్చేస్తారు మీరు. మీ అమ్మాయి పుస్తకంలో అదే "15 ఎక్స్ మైనస్ 60 ఈజ్ ఈక్వల్ టు 390" అని ఉంటుంది. మీకు కొత్త ఆ రాత ఒక్కటే.

రాత నేర్చుకోవాలంటే మాత్రం వెనక్కి వెళ్లాలి. గైడు కొని జవాబులు బట్టీ పట్టేవాళ్లు ప్రశ్నలో ఒక అంకె మారితే చేతులెత్తేస్తారు. మీ అమ్మాయి ఆరు, ఏడు తరగతుల పుస్తకాలు తీయండి. ఇప్పుడవి ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురు పేజీ తెలుగు. గసాభా, కసాగు అని మీరు చదువుకున్నవన్నీ అక్కడే కనబడతాయి. భిన్నాలు, ఋణ సంఖ్యలు గట్టిపడేదాకా పదో తరగతి పుస్తకం ముట్టుకోవద్దు. చాలామంది తప్పేది సమీకరణం దగ్గర కాదు, దాని మధ్యలో వచ్చే మైనస్ గుర్తు దగ్గర. మీ అమ్మాయి చేత దిద్దించుకోండి, నామోషీ ఏం లేదు. పిల్లకీ పాఠం వస్తుంది.

అసలు చిక్కు కాలంతో. ఈ మధ్య పరీక్షలు మార్చిలో పెడుతున్నారు, అంటే సరిగ్గా కాయ కోతలప్పుడు. రోజంతా మిరపకాయలు కోసి మండుతున్న చేతులతో పెన్ను పట్టి రాత్రి చదువుతానంటే నేను నమ్మను. పత్తి తీతలు మొదలయ్యే లోపు, జూన్ నుంచి సెప్టెంబరు దాకా, లెక్కలు ముప్పాతిక వంతు అయిపోవాలి. కోతల్లో చేసిన లెక్కలే మళ్లీ చెయ్యడం, కొత్తది వద్దు. పరీక్ష రోజుల్లో కూలికి వెళ్లనని ఇంట్లో ఇప్పుడే చెప్పి ఉంచండి. ఓపెన్ స్కూల్ వాళ్లు పెట్టే ఆదివారం తరగతులకి కుదిరినన్నిసార్లు వెళ్లండి.

దరఖాస్తు ఆన్‌లైన్‌లో పెట్టించేటప్పుడు ఒక జాగ్రత్త. పెద్ద వయసు ఆడవాళ్లని చూడగానే నెట్ సెంటర్ కుర్రాళ్లు అడక్కుండానే లెక్కలు వదిలేసి తేలికవి పెట్టేస్తుంటారు. ఆరో సబ్జెక్టు పడిందో లేదో తెర మీద మీ కళ్లతో చూసుకున్నాకే ఫీజు కట్టండి.