చప్పట్లు ఆగాక

చి. అమ్ములుకి,



మొన్న మీ పాలిటెక్నిక్‌కి ఎవరో వచ్చి మాట్లాడితే ఒళ్లు పులకరించిందని ఫోన్లో చెప్పావు. సంతోషం. ఏం చెప్పాడే అంటే మాత్రం, "కష్టపడితే ఏదైనా సాధించొచ్చన్నాడు తాతయ్యా" అని ఆగిపోయావు. ఆ ముక్క చెప్పడానికి మీ అమ్మమ్మ చాలదూ?

నేనూ ఇలాంటి సభలకు వెళ్లినవాణ్నే. నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో లేత్ మీద పనిచేసే రోజుల్లో ఒకాయన మమ్మల్నందర్నీ లేపి నిలబెట్టి, పిడికిళ్లు బిగించి "నేను గెలుస్తా" అని మూడుసార్లు అరవమన్నాడు. అరిచాం. ఉప్పల్ రింగ్‌రోడ్డు దగ్గర బస్సు కోసం నిలబడేసరికి గొంతునొప్పి తప్ప ఏమీ మిగల్లేదు.

దానికి పూర్తిగా వేరే రకం సభ ఒకటి చెప్తా విను. మెట్రోలో హబ్సిగూడ వైపు వెళ్లేప్పుడు ఎన్‌జీఆర్‌ఐ స్టేషన్ వస్తుంది కదా. 1961లో పెట్టిన భూభౌతిక పరిశోధన సంస్థ అది. జీవశాస్త్ర పరిశోధన చేసే సీసీఎంబీ కూడా ఆ దారిలోనే. వీటి మాతృసంస్థ సీఎస్‌ఐఆర్ పుట్టింది 1942 సెప్టెంబరు 26న. ఏటా ఆ తేదీ దగ్గరలో ఈ ల్యాబులు మామూలు జనానికి గేట్లు తెరుస్తుంటాయి, పైసా అడగరు. అలాంటి ఉచిత ఉపన్యాసం ఒకటి నాకింకా గుర్తుంది.

నేల కింద నీళ్లెక్కడున్నాయో ఎలా వెతుకుతారో చెప్పడానికి వచ్చిన శాస్త్రవేత్త ఆయన. మాట్లాడటం సరిగ్గా రాదు. గొంతు వెనక వరుసకు వినపడదు. బోర్డు మీద నేలకు గుర్తుగా ఒక గీత గీసి, దాని మీద నాలుగు మేకులు దిగ్గొట్టాడు. బయటి రెండు మేకుల గుండా నేలలోకి కరెంటు పంపుతారట, లోపలి రెండింటి మధ్య వోల్టేజీ చూస్తారట. గట్టి రాయి కరెంటును సరిగ్గా పోనివ్వదు, నీళ్లున్న పగుళ్లు పోనిస్తాయి. మేకులు దూరం జరిపేకొద్దీ ఇంకా లోతు సంగతి తెలుస్తుంది. మన కాళ్ల కింద ఉన్నది సుమారు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైటు. అందులో నీళ్లు చెరువులా నిలిచి ఉండవు, పైన చివికిన పొరలోనో, కింది పగుళ్లలోనో దాక్కుంటాయి.

మరి నీళ్లు చూపిస్తామంటూ అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని తిరిగేవాళ్ల సంగతేంటి సార్ అని అడిగాను. జనం నవ్వారు, ఆయన నవ్వలేదు. "మేం చెప్పిన చోట్లా నీళ్లు పడని బోర్లున్నాయి. జిగటమట్టి కూడా నీళ్లలాగే రీడింగు చూపించి మోసం చేస్తుంది. పడకపోతే ఎందుకు పడలేదో వెతుక్కుంటాం" అన్నాడు.

మర్నాడు నేను తిప్పిన షాఫ్టు ఒకటి రిజెక్ట్ అయింది. మామూలుగా అయితే స్క్రాప్‌లోకి విసిరేసేవాణ్ని. ఆ రోజు మాత్రం మైక్రోమీటర్ తీసి మూడు చోట్ల కొలిచాను. ఒక కొస నుంచి రెండో కొసకు సన్నగా లావెక్కుతూ పోయింది. టూలు అరిగిపోతోంది, నేను చూసుకోలేదు. ఏ ఉపన్యాసమైనా నాకు పనికొచ్చిందంటే అదే.

ఉపన్యాసాన్ని ఎలా వాడుకోవాలో ఇంకొకడి కథ విను. లండన్లో పుస్తకాలు బైండు చేసే కుర్రాడు, తర్వాత గొప్ప శాస్త్రవేత్త అయిన మైకేల్ ఫారడే 1812లో రసాయన శాస్త్రవేత్త హంఫ్రీ డేవీ ఉపన్యాసాలకు వెళ్లాడు, షాపుకొచ్చే ఆసామి ఒకాయన టికెట్లిస్తే. విన్నదంతా బొమ్మలతో సహా సాపు రాసి, తనే బైండు చేసి డేవీకి పంపాడు. మరుసటేడు ఆయన దగ్గరే పనికి కుదిరాడు. చేతిపని ఎక్కడ అక్కరకొచ్చిందో చూడు! నువ్వేమో ఫోన్లో రికార్డు చేస్తానంటావు. చేసినవి ఎన్నిసార్లు మళ్లీ విన్నావో చెప్పు?

నోటుబుక్కు పట్టుకెళ్లు. అర్థం కానిది మార్జిన్లో రాసుకుని, చివర్లో తెలుగులోనే అడుగు. "చాలా బాగా మాట్లాడారు సార్" అనేది ప్రశ్న కాదు.

ఈ సెప్టెంబరులో ఆ ల్యాబుకి ఇద్దరం వెళ్దాం, ఎన్‌జీఆర్‌ఐ స్టేషన్ మెట్ల దగ్గర ఉంటాను. జిగటమట్టినీ నీళ్లనూ వేరుగా ఎలా పోల్చుకుంటారో ఆ రోజు అడగడం మర్చిపోయాను. ఈసారి నువ్వడుగు.

మీ తాతయ్య,
నాచారం