ఒళ్లు చూసి దున్నపోతును కొంటే చాలదు

దివిసీమలోగాని, గుడివాడ, బందరు పల్లెల్లోగాని దున్నపోతును కొనేటప్పుడు మనం ఏం చూస్తాం? ఒంటి నిగ్గు, కొమ్ము మెలిక, తల్లి ఇచ్చిన పాలు. మంచిదే. అయితే కంటికి కనపడని లోపం కూడా దానివెంట దొడ్లోకి రావచ్చు.

దూడకు ప్రతి లక్షణానికీ తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి జన్యువులు వస్తాయి. కొన్ని లోపాల్లో ఒక్కటే చెడ్డదైతే అది అణగి ఉంటుంది, పశువు ఆరోగ్యంగానే తిరుగుతుంది. దీన్నే అంతర్గత జన్యువు అంటారు. దాన్ని దాచుకున్న పోతూ గేదే కలిస్తే, సగటున నాలుగు దూడల్లో ఒకటి లోపంతో పుడుతుంది. దూడ పోతే గేదె సరిగా చేపదు, ఆ ఈత పాలు దెబ్బతిన్నట్లే.

అమెరికాలో 1952లో పుట్టిన ఆస్బర్న్‌డేల్ ఐవన్హో అనే హోల్‌స్టీన్ ఆబోతు సంతతి ఎన్నో దేశాలకు పాకింది. ఆ వంశంలో రోగాలకు తట్టుకోలేని దూడలు పుట్టి చనిపోయాయి. కారణమైన జన్యువు 1992లో బయటపడింది. ఇప్పుడు మన దేశంలోనూ వీర్య కేంద్రాల్లోని హోల్‌స్టీన్ ఆబోతులకు ఈ పరీక్ష చేయించాలన్న నిబంధన ఉంది.

రైతులు చేయవలసినవి:

* పడ్డను తండ్రి పోతుకే కట్టించకండి. పోతులో లోపం దాగి ఉంటే, ఇలా పుట్టే ఎనిమిది దూడల్లో సగటున ఒకటి దెబ్బతింటుంది.
* పడ్డలు ఎదకు వచ్చేలోగా పోతును మార్చండి. చుట్టరికం లేనిదాన్ని పొరుగూరి నుంచి తెచ్చుకోండి.
* సూది వేయిస్తే ఆబోతు నంబరు రాసి ఉంచండి.
* ఇలాంటి లోపమున్న దూడ పుడితే గేదెనొక్కదాన్నే తప్పుపట్టి అమ్మకండి, పోతులోనూ లోపం ఉన్నట్లే. పశువైద్యునికి చూపించి, ఆ పోతును వాడటం మానండి.