వసంతమున అడవిచెట్లను గుర్తించు విధము

రాజుల రెండవ గ్రంథము నాలుగవ అధ్యాయమున ఒక చిన్న కథ యున్నది. గిల్గాలు ప్రాంతమున కరవు కలిగినపుడు ఎలీషా ప్రవక్త తన శిష్యులకు వంట చేయింపబూనెను. వారిలో నొకడు కూరాకు తెచ్చుటకై పొలమునకు పోయి, అచ్చట నొక అడవితీగను చూచి, దాని కాయలను ఒడినిండ కోసికొని వచ్చి, తరిగి కుండలో వేసెను. ఆ కాయ లెట్టివో వారిలో నెవ్వరును ఎరుగరు. నోట బెట్టుకొనిన పిమ్మట గాని అది విషమని తెలియలేదు. ప్రవక్త పిండి తెప్పించి కుండలో వేయగా ఆపద తొలగెను. అవి పాపరకాయలై యుండునని వ్యాఖ్యాతలు పలువురు తలంతురు. కోసినవాడు దుష్టుడు కాడు, సోమరియు కాడు. తోడివారి ఆకలి తీర్పగోరినవాడే. అతనికి కొరవడినది మొక్కను గుర్తించు జ్ఞాన మొక్కటియే. ఆ జ్ఞానమును సంపాదించు మార్గము నిచ్చట విద్యార్థులకు విన్నవించెదను.

నల్లమలవంటి మన అడవులను చూచుటకు ఫాల్గుణ చైత్రమాసములు మిక్కిలి తగినవి. అప్పటికి పెక్కు చెట్లు ఆకు రాల్చి, మోడులై, పూవులతో మాత్రము నిండియుండును. చూచుటకు సొంపుగా నుండును గాని, ఆకు లేనందున గుర్తించుట కష్టము. కావున మొదట ఒక నియమమును మనస్సున నుంచుకొనవలెను: ఏ చెట్టునైనను ఒక్క గురుతును బట్టి నిర్ణయింపరాదు. ఆకు, బెరడు, పాలు లేక జిగురు, వాసన, పూవు, కాయ అను నీ ఆరింటిలో కనీసము మూడైనను ఏకీభవించిననే పేరు చెప్పవలెను.

పూవునుబట్టి గుర్తించుట

ఆకులు లేక పూచు చెట్లలో మోదుగ, బూరుగ, కొండగోగు అను మూడింటిని మొదట నేర్చుకొనుడు. మోదుగపూవు నారింజవన్నె కలిసిన ఎరుపు. దాని రేకులలో అడుగుభాగపువి చిలుకముక్కువలె వంగియుండును. పూవును మోయు గిన్నె నల్లని మఖమలువలె నుండును. కాయ బల్లపరుపుగా నుండి కొనయందు ఒక్క గింజనే కలిగియుండును. శాస్త్రజ్ఞులు దీనికి పెట్టిన 'మోనోస్పెర్మా' అను పేరునకు ఏకబీజము గలదని యర్థము.

బూరుగపూవును ఎరుపే. అయినను అది దళసరియైన అయిదు రేకులు, గుత్తులుగానున్న పెక్కు కేసరములు గల పెద్దపూవు. లేతచెట్టు మానిపై శంఖాకారపు ముండ్లుండును. కొండగోగు పూవునకును అయిదు రేకులే గాని, అది బంగారువన్నె గలది, మానిపై ముండ్లుండవు, బెరడునుండి బంక స్రవించును. బూరుగకాయయు, కొండగోగుకాయయు పగిలినపుడు రెండింటను దూది కనబడును. దూదిని మాత్రమే చూచువాడు రెండింటిని ఒక్కటే యనును. ఆకులు వచ్చినపుడు ఈ భ్రాంతి తీరును: బూరుగది అయిదారు చిట్టియాకులు ఒక కాడ కొననుండి విప్పారిన సంయుక్తపత్రము, కొండగోగుది చీలికలు గల ఒంటియాకు.

ఆకునుబట్టి గుర్తించుట

ఒంటియాకు ఏదో, చిట్టియాకు ఏదో తెలియుటకు సులభమైన ఉపాయ మున్నది. ఆకుకాడ కొమ్మను అంటు సందున మొగ్గ యుండును. చిట్టియాకు మొదట మొగ్గ యుండదు. ఈ విధముగా పరీక్షించినచో మోదుగ, మారేడు, దూలగొండి అను మూడింటికిని ఒక్కొక్క ఆకున మూడేసి చిట్టియాకులని తేలును. మూడాకులు చూచి మారేడనుకొని దూలగొండిని పట్టుకొనినవానికి దాని కాయలమీది నూగు తగిలినచో దురద భరింపరానిదగును. మారేడునకు కొమ్మలపై సూదులవంటి ముండ్లుండును. ఆకును నలిపిన సువాసన వచ్చును. మోదుగ ఆకు పెద్దది, తోలువలె బిరుసైనది. అందుచేతనే విస్తళ్లు కుట్టుటకు పనికివచ్చును. దూలగొండి చెట్టు కాదు, తీగ.

ఇప్పచెట్టు ఆకులు కొమ్మకొనలయందు గుంపులుగా నుండును. త్రుంచిన పాలు కారును. దాని పూవులు తెల్లవారునప్పటికి నేల రాలును. కండగల ఆ తియ్యని పూవులను గిరిజనులు ఏరి తిందురు, ఎండబెట్టి నిలువ చేసికొందురు. ఎలుగుబంట్లకును అవి ప్రీతికరములు గనుక వేకువనే ఇప్పచెట్ల క్రిందికి పిల్లలు ఒంటరిగా పోరాదు.

అన్నదమ్ములవంటి రెండు చెట్లు

గుర్తించుట ఎంత ముఖ్యమో ముష్టి, చిల్ల అను రెండు చెట్లు బోధించును. రెండును స్ట్రిక్నాస్ అను ఒకే ప్రజాతికి చెందినవి. రెండింటికిని ఆకులు ఎదురెదురుగా నుండును. రెండింటి ఆకులందును మొదలునుండి మూడు మొదలు అయిదు ఈనెలు సాగియుండును. చిల్లగింజను మట్టికుండ లోపల అరగదీసి బురదనీరు పోసిన, మట్టి అడుగునకు దిగి నీరు తేటపడును. నీరు తేటయైనంతమాత్రమున సూక్ష్మజీవులు నశింపవు గనుక కాచియే త్రాగవలెను. ముష్టిగింజయందో, ప్రాణాంతకమైన స్ట్రిక్నీన్ అను విషము కలదు. పెల్తియే, కావెంతూ అను ఫ్రెంచి రసాయనజ్ఞులు 1818లో ఈ ప్రజాతి గింజలనుండియే ఆ విషమును వేరుచేసిరి.

ఆకులు పోలియున్నను కాయలు పోలియుండవు. ముష్టికాయ పండినపుడు నారింజవన్నెతో చిన్న బత్తాయివలె నుండి, గట్టి పెంకు కలిగియుండును. గింజలు బొత్తాములవలె చదునుగా, పట్టువంటి బూడిదవన్నె నూగుతో నుండును. చిల్లపండు చిన్నది, నల్లనిది; గింజ గుండ్రనిది, సామాన్యముగా నొకటియే. కాయ కనబడనిచో ఈ రెండింటి విషయమున మౌనము వహించుటయే మేలు. నిగనిగలాడు గురిగింజలును ఇట్లే విషములు. వానిని నమలిన ప్రాణాపాయము కలుగును.

పేర్లను కాపాడినవారు

ఈ విద్యకు మిషనుతోడను, తెలుగుదేశముతోడను పాత సంబంధము కలదు. లిన్నేయసు శిష్యుడగు కోనిగ్ 1768లో తరంగంబాడి మిషనునకు వైద్యుడుగా వచ్చి, మొక్కలను సేకరించుచు 1785లో కాకినాడ చెంతనున్న జగన్నాథపురమున కన్నుమూసెను. ఆయన మిత్రుడగు రాక్స్‌బరో 1781 మొదలు సామర్లకోటయందుండి మొక్కలను పరిశీలించెను. దేశీయ చిత్రకారులచే బొమ్మలు వ్రాయించి, మూడువందల చిత్రములతో కోరమాండల్ తీరపు మొక్కలనుగూర్చిన గొప్ప గ్రంథమును రచించెను. అది 1795 మొదలు 1820 వరకు భాగములుగా వెలువడెను. ఆయన మొక్కలకు తెలుగువారు వాడు పేర్లను అడిగి వ్రాసికొనెను. సోమిదచెట్టు తెలుగుపేరు నేటికిని 'సోయ్‌మిడా' అను శాస్త్రనామముగా ప్రపంచమంతట నిలిచియున్నది. పల్లెలోని వృద్ధులు, నల్లమల చెంచులు ఎరిగిన పేర్లు ఎంత విలువైనవో దీనివలన గ్రహింపవచ్చును. వినయముతో అడిగినవారికే అవి లభించును.

విద్యార్థులకు పని

ప్రతి విద్యార్థియు ఒక పుస్తకము ఉంచుకొనవలెను. చూచిన చెట్టునకు ఒక పుట కేటాయించి తేది, స్థలము, నేల స్వభావము, స్థానికుల తెలుగుపేరు, పైన చెప్పిన ఆరు గురుతులు వ్రాసి, ఆకు బొమ్మ గీయవలెను. అభయారణ్యమున అటవీశాఖవారి అనుమతి లేక ఆకునైనను కోయరాదు. అచ్చట బొమ్మయే చాలును. ఇంటిచుట్టు దొరకు మొక్కలను పాతపత్రికల నడుమనుంచి, బరువు పెట్టి, తడి యారువరకు కాగితములను దినదినము మార్చిన, ఆకారము చెడక నిలుచును. పేరు తెలియనిచో 'తెలియదు' అని వ్రాయుట అవమానము కాదు. తెలియని కాయను తెలిసినట్లు కుండలో వేయుటయే అపాయము. తల్లిదండ్రులును పిల్లలతో కూడ నడచి, తమ చిన్ననాట విన్న పేర్లను వారిచే ఈ పుస్తకమున వ్రాయింపవలెనని మనవి.