"లైట్" అను మాటకు వ్యతిరేక పదములు



ఒక మాట యొక్క అర్థము సరిగా తెలియవలెనన్న, దాని వ్యతిరేక పదమేదో అడిగి చూడవలెను. ఒక మాటకు వ్యతిరేకము ఒకటే యుండునని చిన్నతనమున బడిలో నేర్చుకొందుము. కాని ఆంగ్లములోని "లైట్" అను చిన్న మాట ఈ లెక్కకు లొంగదు. హైదరాబాదులోని జూబ్లీహిల్స్, ఫిల్మ్ నగర్ ప్రాంతములలో ఈ మాట దినమెల్ల వినబడుచుండును. కావున అక్కడి వాడుకనే ఆధారముగా చేసికొని ఈ పాఠమును చదువుకొందము.

1. వెలుగు, చీకటి

తెలుగు చిత్ర పరిశ్రమ చాలకాలము మద్రాసులో నుండి, క్రమముగా హైదరాబాదునకు తరలివచ్చెను. 1976లో అన్నపూర్ణ స్టూడియోస్, 1989లో ఫిల్మ్ నగర్ నందు రామానాయుడు స్టూడియోస్ ప్రారంభమైనవి. అక్కడ "లైట్" అనగా మొదట దీపము, వెలుగు. దీనికి వ్యతిరేకము చీకటి.

అయితే ఇవి రెండును ఒకదానికొకటి శత్రువులని తలంపరాదు. "మాయాబజార్" (1957) చిత్రమునకు ఛాయాగ్రాహకుడైన మార్కస్ బార్ట్లే నలుపు తెలుపులలోనే వెన్నెలను చూపి పేరు పొందెను. తెరయంతయు వెలుగుతో నింపినచో వెన్నెల ఎక్కడిది? నీడను తగినంత నిలిపినందుననే అది వెన్నెల అయ్యెను.

"లైట్" క్రియగా వచ్చినప్పుడు వెలిగించుట యని అర్థము. దాని వ్యతిరేకము ఆర్పుట. మన యిండ్లలో పెద్దవారు దీపము ఆరినదనుటకు నోరు రాక "కొండెక్కినది" అందురు. వ్యతిరేక పదమును పలుకుటకు సైతము మనస్సు జంకునని ఇందువలన తెలియుచున్నది.

2. తేలిక, బరువు

రెండవ అర్థము తేలిక, వ్యతిరేకము బరువు. ఒకే మాటకు ఇంత దూరపు అర్థములు ఎట్లు వచ్చినవి? నిజమునకు ఇవి ఒక మాట కాదు, రెండు. వెలుగు అను అర్థము గల మాటకు జర్మను భాషలో "లిఖ్ట్" అనునది బంధువు. తేలిక అను అర్థము గల మాటకు "లైఖ్ట్" అనునది బంధువు. ఆంగ్లములో కాలక్రమమున రెండింటి పలుకుబడియు ఒకటైపోయెను. మన భాషలో అట్టి చిక్కు లేదు. నీటిపై తేలునది తేలిక, మునుగునది బరువు.

ఈ రెండు అర్థములును కలిసికొను చోటు చిత్రీకరణ స్థలమే. అక్కడ లైటు మోయుట లైటు పని కాదు. తెల్లవారకమునుపే వచ్చి స్టాండులు నిలిపి, కేబుళ్లు లాగి, పైనున్న తట్టలపైకి దీపములు ఎక్కించువారు లైట్‌మెన్. ఎల్.ఇ.డి. దీపములు వచ్చి వేడిమియు విద్యుత్ ఖర్చును తగ్గినను, మోత మాత్రము తప్పలేదు. నటుని ముఖముపై పడు వెలుగు తెరపై కనబడును. మోసిన భుజము కనబడదు.

3. లేత, ముదురు, పలుచన, చిక్కన

రంగుల విషయములో "లైట్" అనగా లేత, వ్యతిరేకము ముదురు. ఆంగ్లేయుడు రంగును వెలుగుతో కొలిచెను. తెలుగువాడు చెట్టు చిగురుతో కొలిచెను. ఇక ఫిల్మ్ నగర్ టీ కొట్టునొద్ద "లైట్ టీ" యన్నచో దానికి వ్యతిరేకము చీకటియు కాదు, బరువును కాదు, "స్ట్రాంగ్ టీ". అట్లే లైట్ గాలి పిల్లగాలి, వ్యతిరేకము పెనుగాలి. లైట్ వాన చిరుజల్లు, వ్యతిరేకము కుండపోత. లైట్ నిద్ర కలత నిద్ర, వ్యతిరేకము గాఢనిద్ర. ప్రక్కనున్న మాటయే వ్యతిరేకమును నిర్ణయించునని గుర్తుంచుకొనవలెను.

4. "లైట్ తీసుకో"

ఇది మన కుర్రకారు కల్పించిన ప్రయోగము. "లైట్ తీసెయ్యి" అనగా దీపము ఆర్పుమని; "లైట్ తీసుకో" అనగా పట్టించుకొనవద్దని. దీని వ్యతిరేకము "సీరియస్‌గా తీసుకో". ఇక్కడనే మనము జాగ్రత్తగా నుండవలెను. పరిహాసమును, చిన్న మాట పట్టింపును లైట్ తీసుకొనుట మంచిదే. కాని యెదుటివాని కష్టమును లైట్ తీసుకొనుట తగదు. 2025 ఆగస్టులో తెలుగు చిత్ర పరిశ్రమ కార్మికులు వేతనము 30 శాతము పెంచవలెనని కోరి పని నిలిపివేయగా, రెండు వారములకు పైగా చిత్రీకరణలు ఆగిపోయెను. తెరపై వెలుగు తేలికగా వచ్చునని తలంచువారికి దాని బరువు అప్పుడు తెలిసెను. ఇంటి అద్దె, పిల్లల చదువు లెక్కించుకొను కూలివానికి వేతనము తేలిక విషయము కాదు.

మత్తయి సువార్తలోను ఈ మాట ఆంగ్లమున రెండు అర్థములతో కనబడును. 5వ అధ్యాయములో లోకమునకు వెలుగైనవారిని గూర్చియు, 11వ అధ్యాయములో తేలికైన భారమును గూర్చియు చెప్పుచోట ఆంగ్లములో "లైట్" ఒక్కటే. మన తెలుగులో వేరు వేరు మాటలు. మొదటి దానికి చీకటిని, రెండవ దానికి బరువును ఎదురు పెట్టి చూచినచో సందేహము తీరును. అంతేకాదు, ఒకరికి వెలుగు కావలెనన్న వారి భారమును కొంత తేలిక చేయవలెనను తలంపును ఈ రెండు అర్థములు మనకు జ్ఞాపకము చేయుచున్నవి.

అభ్యాసము

1. "లైట్ భోజనము", "లైట్ శిక్ష" - వీటికి తగిన వ్యతిరేకములు వ్రాయుడి.
2. "తేలిక", "లేత" అను రెండు మాటలకును ఆంగ్లములో "లైట్" చెల్లునట్టి వాక్యములు ఒక్కొక్కటి చెప్పుడి.
3. ఈ నెలలో మీరు లైట్ తీసుకొనిన విషయములలో బరువైనది ఏదైన నున్నదా? ఇంటివారితో కలిసి ఆలోచింపుడి.