డెబ్బై ఐదు కోడిగుడ్లు – ఒక ఉపగ్రహం



పోయిన సంవత్సరం సైన్స్ ఫెయిర్‌లో మా గ్రూపు పరువు ఎలా పోయిందో మీ అందరికీ తెలుసు. వాన చినుకు పడితే గంట మోగే డబ్బా చేశాం. మేం నలుగురం. డబ్బా ఒకరు, తీగలూ బ్యాటరీ నేను, చార్టు ఒకరు, వచ్చినవాళ్ళకు చెప్పడం ఒకరు. ఎవరి పని వాళ్ళం బాగానే చేశాం. ముందు రోజు రాత్రి అన్నీ కలిపి మూత బిగించాం. తెల్లారి జడ్జి గారు నీళ్ళు చిలకరిస్తే గంట మోగలేదు! విప్పి చూస్తే మూత స్క్రూ దిగి నా తీగను తెంపేసింది. తప్పు నీదంటే నీదని మూడు రోజులు మాట్లాడుకోలేదు. భోజనాల వరసలో కూడా దూరదూరంగా నిలబడ్డాం.

తప్పెవరిదో చెప్పమని ఫిజిక్స్ సారును అడిగాను. ఆయన దానికి జవాబు చెప్పలేదు. ఆజాదీశాట్ అనే ఉపగ్రహం కథ చెప్పారు. ఆ తర్వాత లైబ్రరీలో పాత పేపర్లు కూడా చదివి ఈ పాఠం రాస్తున్నాను.

2022 నాటికి మన దేశానికి స్వాతంత్య్రం వచ్చి 75 సంవత్సరాలు నిండాయి. ఆ సందర్భంగా 75 ప్రభుత్వ బడుల నుంచి, బడికి 10 మంది చొప్పున 750 మంది ఆడపిల్లలు ఒక ఉపగ్రహంలో పాలుపంచుకున్నారు. చెన్నైలోని స్పేస్ కిడ్జ్ ఇండియా అనే సంస్థ దీన్ని నడిపించింది. ఉపగ్రహం బరువు సుమారు 8 కిలోలు. అందులో 75 చిన్న చిన్న పరికరాలు. ఒక్కొక్కటి దాదాపు 50 గ్రాములు, అంటే మన హాస్టల్లో ఇచ్చే కోడిగుడ్డంత. ఉష్ణోగ్రత కొలిచేవి, రేడియేషన్ లెక్కపెట్టేది, ఫోటో తీసే కెమెరా, రేడియో, ఇలాంటివి.

ఉన్న మాట చెప్పుకోవాలి. ఉపగ్రహం మొత్తం ఆ పిల్లలే తయారు చేశారని కొందరంటారు. అలా కాదు. సంస్థవాళ్ళు నేర్పిస్తూ పిల్లల చేత పరికరాలకు ప్రోగ్రాములు చేయించారు. అన్నిటినీ ఒకచోట కూర్చింది ఇంజనీర్లు. అయినా అది చిన్న పనేం కాదు.

ఇప్పుడు ఒక లెక్క చేయండి. 75 ను 50 తో గుణిస్తే 3,750 గ్రాములు. అంటే 8 కిలోల్లో దాదాపు సగం పరికరాలకే పోయింది. మిగిలిన నాలుగు కిలోల పైచిల్లరలోనే చట్రం, బ్యాటరీ, సూర్యుడి ఎండతో కరెంటు చేసే పలకలు, కంప్యూటరు అన్నీ సర్దుకోవాలి. కెమెరా చూసే ఆమె నాకు కరెంటు ఇంకొంచెం కావాలంటుంది. కరెంటు ఎక్కువ కావాలంటే బ్యాటరీ పెద్దది కావాలి. బ్యాటరీ పెరిగితే బరువు పెరుగుతుంది. చట్రం చేసే ఆమె కుదరదంటుంది. 450 కిలోమీటర్ల ఎత్తులో ఉపగ్రహం భూమిని ఒకసారి చుట్టడానికి 94 నిమిషాలు పడుతుంది. అందులో అరగంటకు పైగా భూమి నీడలోనే గడుస్తుంది. అప్పుడు ఎండ ఉండదు, బ్యాటరీయే దిక్కు.

వేడి సంగతి ఇంకా తమాషా. మనం వేడి అన్నం గిన్నెను కాసేపు గాలికి పెడితే చల్లారుతుంది. అక్కడ గాలే లేదు! పరికరంలో పుట్టిన వేడి చట్రం లోహం గుండా పాకి, బయటి అంచుల నుంచి శూన్యంలోకి పోవాలి. కాబట్టి తీగల పని చేసేవాళ్ళు ఎక్కడ ఎంత వేడి పుడుతుందో చట్రంవాళ్ళకు ముందే చెప్పాలి. చెప్పకపోతే ఎవరి పనిలోనూ తప్పు లేకుండానే పరికరం మాడిపోతుంది.

ఇక ప్రయోగం. 2022 ఆగస్టు 7 న శ్రీహరికోట నుంచి ఎస్.ఎస్.ఎల్.వి.-డి1 అనే కొత్త చిన్న రాకెట్ మీద ఆజాదీశాట్ వెళ్ళింది. (శ్రీహరికోట మన రాష్ట్రాల్లో అందరికీ తెలిసిన పేరే. రాకెట్లు రాకముందు ఆ దీవి అడవుల్లో యానాదులు ఉండేవాళ్ళు. వాళ్ళూ మనలాగే గిరిజనులు. ఈ మాట సైన్సు పుస్తకంలో ఉండదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.) ఇస్రో ఉపగ్రహం ఈఓఎస్-02 కూడా అదే రాకెట్‌లో ఉంది. చూడటానికి చాలా బడుల పిల్లలు వెళ్ళారు. రాకెట్ బాగానే లేచింది. అందరూ చప్పట్లు కొట్టారు.

ఆ రాకెట్‌లో ఘన ఇంధనం మండే దశలు మూడు. ఒకటి మండిపోగానే దాన్ని వదిలేసి తర్వాతది అంటుకుంటుంది. రెండో దశ విడిపోయేటప్పుడు రాకెట్ కాసేపు గట్టిగా అదిరింది. రాకెట్ వేగం ఎంత పెరుగుతుందో కొలిచే యాక్సిలెరోమీటర్లకు ఆ అదురు తగిలింది. వాటి లెక్కలు హద్దు దాటాయి. కంప్యూటరులో ముందే రాసిపెట్టిన నియమం ఏమిటంటే, లెక్కలు అలా వస్తే పరికరాలు చెడిపోయినట్టే అని. అది వాటి మాట వినడం మానేసింది. నిజానికి అవి చెడిపోలేదు. అప్పటి నుంచి రాకెట్ ముందుగా రాసి ఉంచిన దారిలో అంచనా మీద పోయింది. ఎత్తు చేరింది గానీ వేగం సెకనుకు 56 మీటర్లు తగ్గింది.

56 మీటర్లే కదా అనుకోవద్దు. కావలసిన వేగం సెకనుకు సుమారు 7,690 మీటర్లు. తగ్గింది నూటికి ఒకటి కూడా కాదు, నూరు రూపాయల్లో డెబ్బై మూడు పైసలు. అంతకే 356 కిలోమీటర్ల గుండ్రటి కక్ష్యలో ఉండాల్సిన ఉపగ్రహం ఒకవైపు 76 కిలోమీటర్ల దాకా కిందికి వచ్చే కక్ష్యలో పడింది. ఆ ఎత్తులో పలచగా గాలి ఉంటుంది. అంత వేగంలో ఆ గాలి రాపిడి చాలు. రెండు ఉపగ్రహాలూ పోయాయి.

ఇక్కడ సారు ఆగి మమ్మల్నే అడిగారు, తప్పెవరిది అని. దశను విడదీసే పని యంత్రాలవాళ్ళది. అది విడదీసింది. కొలిచే పరికరాలు ఎలక్ట్రానిక్స్‌వాళ్ళవి. అవి తగిలింది చెప్పాయి. నియమం సాఫ్ట్‌వేర్‌వాళ్ళది. అది రాసినట్టే నడిచింది. ఎవరి పని వాళ్ళు చేసినా రాకెట్ తప్పింది. అదురు ఎంత ఉంటుంది అన్న సంగతి యంత్రాల పనికీ, కంప్యూటరు పనికీ మధ్య అతుకు దగ్గర సరిగ్గా కుదరలేదు. మా డబ్బా సంగతీ అంతే. స్క్రూ ఎంత పొడవో నేను అడగలేదు, తీగ ఎటు పోతుందో ఆమె అడగలేదు.

ఇస్రోవాళ్ళు దిద్దుకున్న పద్ధతి నాకు నచ్చింది. ఒక్క చోట దిద్ది ఊరుకోలేదు. రెండో దశకు అదురు తక్కువగా ఉండే విడదీసే ఏర్పాటు పెట్టారు. కంప్యూటరు నియమం కూడా మార్చారు. 750 మంది పిల్లల పరికరాలతో ఆజాదీశాట్-2 తయారైంది. బరువు 8.7 కిలోలు. 2023 ఫిబ్రవరి 10 న, అంటే సరిగ్గా ఆరు నెలల మూడు రోజులకు, ఎస్.ఎస్.ఎల్.వి.-డి2 దాన్ని 450 కిలోమీటర్ల కక్ష్యలో పెట్టింది. ఈసారి గురి తప్పలేదు.

ఇంతకు ముందు కూడా విద్యార్థులు ఇలా కలిసి చేసినవి ఉన్నాయి. కర్ణాటక, అప్పటి ఆంధ్రప్రదేశ్‌లకు చెందిన 7 ఇంజనీరింగు కాలేజీలవాళ్ళు చేసిన స్టూడ్‌శాట్ 2010 జూలై 12 న పి.ఎస్.ఎల్.వి.-సి15 మీద వెళ్ళింది. దాని బరువు కిలో కూడా లేదు! బెంగుళూరులో కొందరు, హైదరాబాదులో కొందరు ఉండి కిలో లోపు వస్తువును ఎలా పంచుకున్నారో తలుచుకుంటే, ఒకే డార్మెటరీలో పడుకునే మేం నలుగురం మాట్లాడుకోకపోవడం నాకే సిగ్గనిపించింది.

మా నలుగురం మళ్ళీ కలిశాం. ఈ సంవత్సరం అదే గంట డబ్బా మళ్ళీ చేస్తున్నాం. ఒక నోటు పుస్తకం పెట్టాం, దాని పేరు అతుకుల పుస్తకం. నా వస్తువు ఎవరి వస్తువును ఎక్కడ తగులుతుందో అందులో రాయాలి, అవతలివాళ్ళు చదివి సంతకం పెట్టాలి. మొదటి పేజీలోనే స్క్రూ పొడవు 2 సెంటీమీటర్లు అని ఆమె రాసింది. నేను తీగను పక్కకు జరిపాను.

ఇంకా ఇద్దరు కావాలి. ఒకరు లెక్కలు బాగా వచ్చినవాళ్ళు. ఇంకొకరు ఐదో తరగతి చెల్లెళ్ళకు కోయ భాషలో చెప్పగలిగినవాళ్ళు. సాయంత్రం స్టడీ అయ్యాక వచ్చి పేరు చెప్పండి. మేడమ్ గారూ, ఆ తర్వాత అరగంట వరండా లైటు తీయకుండా ఉంచమని మా నలుగురి మనవి.

– 9వ తరగతి, తీగల పని